పొలానికి మూడు కాపలాలు

కిందటి తై మాసంలో అన్నూరు దగ్గర ఒక పల్లెలో మన వారింటి పెండ్లికి వెళ్ళాను. తాళి కట్టడం ముగిసి, పంక్తిలో అరటాకులు వేస్తూ ఉండగా మా మేనమామ వచ్చి నా పక్కన కూర్చున్నారు. వయస్సు డెబ్బై దాటినది. ఆరెకరాల మెట్ట, ఒక బావి, నాలుగు పశువులు ఆయన ఆస్తి.

"ఏమిరా అల్లుడూ, నువ్వు ఆఫీసులో కాగితాల మధ్య బ్రతికేవాడివి గదా. ఒక మాట చెప్పు. నా పొలం నేను దున్నుకోవడానికి నాకు హక్కు ఉన్నదా, లేదా? ఎవరైనా వచ్చి లెమ్మంటే లేవవలసిందేనా?" అని అడిగారు.

ఆకులో సాంబారు పోసేవాడు వచ్చినందువల్ల అప్పటికి నేను తప్పించుకున్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నేను వకీలును కాను. మెట్రిక్యులేషను చదివి, ఒక మిల్లు ఆఫీసులో ఇరవై ఏళ్ళకు పైగా గుమాస్తాగా ఉన్నవాణ్ణి. అరవంలోనూ తెలుగులోనూ నాలుగు ముక్కలు వ్రాయడం వచ్చును గనుక, చుట్టాలకూ ఇరుగుపొరుగులకూ అర్జీలు వ్రాసి పెడుతూ ఉంటాను. ఆ కొద్దిపాటి అనుభవంతో, నాలుగు పుస్తకాలు తిరగవేసి, మామకు చెప్పవలసిన జవాబును ఇక్కడ వ్రాస్తున్నాను. మన కుటుంబాలలో ఇదే ప్రశ్న అడిగేవారు ఇంకా చాలామంది ఉన్నారు గదా.

పట్టా ఎక్కడిది?

మన పూర్వులు విజయనగరపు రోజులలోనూ, ఆ తరువాత మధుర నాయకుల కాలంలోనూ ఈ దేశానికి వచ్చారు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురను ఏలుబడిలోకి తెచ్చుకొని, దేశాన్ని 72 పాళెములుగా విభజించిన సంగతి మన ఇండ్లలో పిల్లలకు కూడా తెలుసును. వచ్చినవారిలో కొందరు కత్తి పట్టారు, ఎక్కువమంది నాగలి పట్టారు. నీరు దొరకని నల్లరేగడిని ఏరుకొని, బావులు త్రవ్వి, పత్తి వేసి స్థిరపడ్డారు.

అయితే నాగలి పట్టినంత మాత్రాన భూమి మీద కాగితపు హక్కు రాలేదు. కోయంబత్తూరు వైపు రైతుకు నేరుగా పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతి స్థిరపడినది. దానికి ముఖ్యుడు సర్ థామస్ మన్రో. ఆయన 1800 నుండి 1807 వరకు దత్తమండలాలలో కలెక్టరుగా పని చేసి, తెలుగు రైతుల కష్టసుఖాలు ఎరిగినవాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. రైత్వారీలో నడుమ జమీందారు లేడు. రైతు సర్కారుకు శిస్తు కట్టుకుంటూ ఉన్నంతకాలం పొలం అతనిదే.

మధుర వైపు కథ కొంత వేరు. అక్కడ పాళెములు చాలావరకు జమీందారీలుగా మారాయి. అక్కడి రైతులలో చాలామందికి 1908 నాటి మద్రాసు ఎస్టేట్సు భూముల చట్టం కొంత రక్షణ ఇచ్చినా, 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చిన తరువాతనే సర్కారు పట్టా చేతికి వచ్చినది. కనుక మధుర జిల్లాలో ఉన్న మన వారు తాతల కాగితాలు వెతికేటప్పుడు జమీను రికార్డులు కూడా వెతకవలసి ఉంటుంది.

ఇంతకూ పట్టా ఉంటే పొలాన్ని ఎవరూ తీసుకోలేరా? తీసుకోగలరు. 1894 నాటి భూసేకరణ చట్టం వల్ల సర్కారు 'ప్రజా ప్రయోజనం' అనే ఒక్క మాటతో తీసుకోగలిగేది. ఆస్తి హక్కు మొదట రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుగా ఉండేది. 1978లో వచ్చిన 44వ సవరణతో అది ప్రాథమిక హక్కుల నుండి తొలగిపోయి, 300-ఏ అధికరణంగా మిగిలినది. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకొనరాదు అని దాని భావము. అందువల్ల ఆ చట్టమేదో, అది ఏమంటుందో తెలిసికొని ఉండడం రైతుకు ఎరువు ధర తెలియడం వంటిదే.

మొదటి కాపలా: కాగితం

పెండ్లి అయిన మరునాడు మామ ఇంటికి వెళ్ళి, "మామా, పట్టా తీయండి, చూద్దాము" అన్నాను. ఇనుప పెట్టెలో నుండి తీశారు. చూస్తే పట్టాలో ఉన్నది మా తాత పేరు! తాత పోయి ముప్ఫై ఏళ్ళు దాటినది. అన్నదమ్ములు ముగ్గురూ నోటి మాటతో పంచుకున్నారు. వారిలో ఒకరు ఇప్పుడు లేరు. ఆయన పిల్లలు తిరుప్పూరులో ఉన్నారు. కరెంటు కనెక్షను ఇంకొక అన్న పేరు మీద ఉన్నది. బావి ఎవరి వంతుకు వచ్చినదో ఎక్కడా వ్రాసి లేదు.

"మన అన్నదమ్ముల మధ్య కాగితాలు ఎందుకురా? మాట లేదా?" అన్నారు మామ.

మాట ఉన్నది, కాదనను. కాని నోటీసు మాటకు రాదు, పట్టాలో ఉన్న పేరుకు వస్తుంది. చనిపోయిన తాత పేరున నోటీసు వస్తే దానికి గడువులోగా జవాబు వ్రాసేది ఎవరు? నష్టపరిహారం వచ్చినా, వారసులు తేలేవరకు ఆ డబ్బు కోర్టులో పడి ఉంటుంది. నేను వ్రాసిన అర్జీలలో సగానికి సగం ఈ ఒక్క అజాగ్రత్త వల్ల వచ్చినవే.

కనుక ప్రతి ఇంటివారూ చేయవలసిన పని ఇది. తండ్రి పోయిన వెంటనే వారసుల ధ్రువపత్రం తీసుకొనవలెను. పంపకం పత్రం వ్రాసి రిజిస్టరు చేయించవలెను. దాన్ని బట్టి పట్టాను పేర్లు మార్పించి, వీలైతే ఉపవిభాగం చేయించవలెను. అడంగలులో ఏ సాగు వ్రాసి ఉన్నదో ఏటేటా చూడవలెను. తోట పంట ఉన్న నేలను బీడు అని వ్రాస్తే అప్పుడే అర్జీ పెట్టవలెను. ఎందుకంటే, రేపు సర్కారువారు వచ్చి "ఇది బీడు భూమి" అంటే, కాదనడానికి మీ చేతిలో ఉండే సాక్ష్యం అడంగలే. బావి, చెట్లు, కరెంటు కనెక్షను, మూడూ ఎవరి పేరున ఉన్నవో చూసుకొనవలెను. పట్టా, చిట్టా, పొలం కొలతల పటం ఇప్పుడు ఇంటర్నెట్టులోనే కనబడతాయి. తాలూకా ఆఫీసు మెట్లు ఎక్కనవసరం లేకుండానే మన పిల్లల చేత చూపించుకోవచ్చును.

రెండవ కాపలా: చట్టం

మన రాష్ట్రంలో చట్టాలకు కొదువ లేదు. మనకు ముఖ్యమైనవి నాలుగైదు మాత్రం చెబుతాను.

2013లో పార్లమెంటు కొత్త భూసేకరణ చట్టం చేసినది. 2014 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చి, 1894 నాటి చట్టం పోయినది. ప్రైవేటు కంపెనీ కొరకు భూమి తీసుకొనాలంటే నూటికి 80 మంది సొంతదారుల ఒప్పుదల కావలెను. సర్కారూ ప్రైవేటువారూ కలిసి చేసే పనికైతే నూటికి 70 మంది. రెండు మూడు పంటలు పండే నీటి వసతిగల భూమిని, వేరే దారి లేనప్పుడు తప్ప తీసుకొనరాదు అని కూడా అందులో ఉన్నది.

వినడానికి బాగున్నది గదా! అయితే తమిళనాడు ప్రభుత్వం దానికి 105-ఏ అనే ఒక సెక్షను చేర్చినది. రాష్ట్ర రహదారుల చట్టం, 1997 నాటి పారిశ్రామిక అవసరాల భూసేకరణ చట్టం మొదలైన వాటి క్రింద తీసుకునే భూములకు కేంద్ర చట్టంలోని ఒప్పుదల వంటి షరతులు వర్తించవని దాని సారాంశము. నష్టపరిహారం లెక్క మాత్రం వర్తిస్తుంది. ఈ చేర్పును మద్రాసు హైకోర్టు 2019 జూలైలో కొట్టివేసినది. వెంటనే రాష్ట్రం ఆ చట్టాలను మరల బ్రతికిస్తూ ఇంకొక చట్టం చేసినది. దానిని 2021 జూన్ 29న సుప్రీంకోర్టు సమర్థించినది. కనుక ఢిల్లీలో ఇచ్చిన కాపలాలో కొంత భాగం మద్రాసుకు వచ్చేసరికి తగ్గినది. ఈ సంగతి తెలియక చాలామంది "మా ఒప్పుదల లేనిదే ఎవరూ రాలేరు" అని ధీమాగా ఉన్నారు.

ఇక భూమి తీసుకోకుండానే సేద్యాన్ని తగ్గించే చట్టం ఒకటి ఉన్నది. అది 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం. భూమి మీదే, పట్టా మీదే. దాని క్రింద గొట్టం వేసే హక్కు మాత్రం వారిది. ఆ పట్టీలో మీరు ఇల్లు కట్టరాదు, చెట్టు నాటరాదు, బావి త్రవ్వరాదు. కొచ్చి నుండి బెంగుళూరుకు గ్యాసు గొట్టం కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, నామక్కల్లు, సేలం, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల మీదుగా పోవలెనని నిర్ణయించినప్పుడు, కొబ్బరితోటల రైతులు వీధికెక్కారు. 2013లో రాష్ట్ర ప్రభుత్వం గొట్టాన్ని రహదారి పక్కన వేసుకోండి అని ఉత్తరువు ఇచ్చినది. ఆ ఏడే హైకోర్టు దానిని కొట్టివేసినది. 2016 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసినది. కేంద్రం చట్టం ఉన్నచోట రాష్ట్రం మాట నిలవలేదు.

నీటి సంగతి కూడా సేద్యపు హక్కులో భాగమే. మన కొంగుదేశంలో నేల ఉండి కరెంటు లేకపోతే నేల ఉన్నా లేనట్లే. 1932లో పైకారా విద్యుత్తు వచ్చిన తరువాతనే మన బావులు లోతుకు పోయాయి. 1970లో పంపుసెట్టు కరెంటును యూనిటుకు 8 పైసల నుండి 10 పైసలకు పెంచినప్పుడు, వైయంపాళయం నారాయణస్వామి నాయుడుగారు రైతులను కూడగట్టారు. ఆ ఏడు జూన్ 19న పెరుమానల్లూరులో పోలీసు కాల్పులలో ముగ్గురు రైతులు ప్రాణాలు విడిచారు. పెంచిన దానిలో తగ్గినది ఒక్క పైసా. 1972లో మరల పెంచినప్పుడు కోయంబత్తూరు వీధులు ఎద్దుబండ్లతో నిండిపోయిన దృశ్యాన్ని చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆయన 1984లో కాలం చేశారు. చిన్న రైతులకు ఉచిత కరెంటు ఆ ఏడే వచ్చినది. తరువాత కొన్ని ఏండ్లకు అది రైతులందరికీ వర్తించినది. ఈనాడు మనం బిల్లు కట్టకుండా మోటారు వేస్తున్నామంటే, ఆ మీట వెనుక ఎవరి ప్రాణాలు ఉన్నవో పిల్లలకు చెప్పవలెను.

మూడవ కాపలా: ఊరు

చట్టం సందు ఇచ్చిన చోట కూడా ఊరు ఒక్క మాట మీద నిలిస్తే ఏమవుతుందో చెప్పడానికి మనకు దగ్గరలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి.

మొదటిది మామ ఊరి పక్కదే. 2021లో అన్నూరు, మేట్టుపాళయం తాలూకాలలో పారిశ్రామిక వాడ కొరకు 3,800 ఎకరాలకు పైగా భూమి తీసుకొనడానికి ప్రభుత్వం ఉత్తరువు వేసినది. అందులో సుమారు 1,630 ఎకరాలు అప్పటికే ఒక కంపెనీ చేతిలో ఉన్న బీడు. మిగిలినది రైతుల పట్టా భూమి. అరటి, పసుపు, కరివేపాకు పండే నేల. పైగా అత్తికడవు–అవినాశి పథకం నీళ్ళ కొరకు ఆ ప్రాంతంవారు తరాల తరబడి కనిపెట్టుకొని ఉన్నారు. నీళ్ళు వచ్చే వేళకు నేల పోవడమా అని ఊళ్ళు కదిలాయి. గ్రామసభలలో తీర్మానాలు వ్రాశారు. అన్నూరు నుండి కోయంబత్తూరు వరకు నడిచారు. 2022 డిసెంబరులో ప్రభుత్వం దిగివచ్చి, కంపెనీ చేతిలోని బీడు మాత్రమే వాడుకుంటామనీ, రైతు తనంత తాను ఇస్తే తప్ప పట్టా భూమి తీసుకోమనీ ప్రకటించినది. 2024 ఆగస్టు 17న ఆ నీటి పథకం కూడా ప్రారంభమైనది. 1,916 కోట్ల రూపాయల ఖర్చుతో 1,045 చెరువులకూ కుంటలకూ నీరు పంపే పథకమది.

రెండవది మధుర జిల్లా మేలూరు వైపున జరిగినది. 2023లో గనుల చట్టాన్ని సవరించి, ముఖ్యమైన 24 ఖనిజాల వేలం అధికారాన్ని కేంద్రం తన చేతిలోకి తీసుకున్నది. వాటిలో టంగ్‌స్టన్ ఒకటి. 2024 నవంబరులో నాయక్కర్‌పట్టి టంగ్‌స్టన్ బ్లాకు వేలంలో హిందుస్తాన్ జింకు కంపెనీ పేరు ఖాయమైనట్లు ప్రకటన వెలువడినది. విస్తీర్ణం 2,000 హెక్టార్లకు పైమాటే. అందులో అరిట్టాపట్టి కూడా చేరినది. ఆ ఊరి కొండలను 2022 నవంబరులోనే ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలమని ప్రకటించి ఉన్నది. తమిళ బ్రాహ్మీ శాసనాలు, జైనుల పడకలు, ఊటలు, చెరువులు ఉన్న చోటు. దాని చుట్టూ పెరియారు కాలువ పారే మాగాణులు. 1895లో పెరియారు ఆనకట్ట పూర్తి అయిన నాటి నుండి మేలూరు రైతులు ఆ నీటి మీద ఆధారపడి వరి పండించుకుంటున్నారు.

ఊరూరా గ్రామసభలు కూడి వద్దని తీర్మానించాయి. డిసెంబరు 9న శాసనసభ కూడా వేలం రద్దు చేయమని తీర్మానించినది. 2025 జనవరి 7న వేలమంది నరసింగంపట్టి నుండి మధురకు నడిచి వచ్చారు. ఆడవారూ ముసలివారూ అందులో ఉన్నారు. జనవరి 23న కేంద్ర గనుల శాఖ ఆ వేలాన్ని రద్దు చేసినది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. గ్రామసభ తీర్మానానికి అంతట అదే గనిని ఆపే శక్తి చట్టంలో లేదు. అయినా ఆ తీర్మానం ఊరి మాట ఏమిటో వ్రాతలో నిలుపుతుంది. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. ఏటా ఈ ఆరు రోజులు గ్రామసభ కూడుతుంది. మన వారిలో ఎందరు వెళ్తున్నారు? ఊళ్ళో తరతరాలుగా ఉంటున్నా, "మనకెందుకు" అని ఇంట్లో కూర్చునే అలవాటు మనకు కొంత ఉన్నది. అన్నూరులో, మేలూరులో ఎవరిది ఏ కులం, ఇంట్లో ఏ భాష అని అడగకుండా అందరూ ఒక చోట నిలిచారు. అందువల్లనే అది నెగ్గినది.

పక్క ఇంటివారి కాపలా

కావేరి డెల్టాకు ఉన్న రక్షణ మనకు లేదు. 2020 ఫిబ్రవరిలో మన శాసనసభ రక్షిత వ్యవసాయ మండల చట్టం చేసినది. తంజావూరు, తిరువారూరు, నాగపట్టణం జిల్లాలూ, కడలూరు, పుదుక్కోట జిల్లాలలో కొంత భాగమూ దాని క్రిందకు వచ్చాయి. అక్కడ కొత్తగా చమురు, సహజవాయువు త్రవ్వకం, రాగి, జింకు కరిగించే కర్మాగారాలు, తోళ్ళ శుద్ధి మొదలైనవి పెట్టరాదు. అటువంటి మండలంలో కోయంబత్తూరూ లేదు, మధురా లేదు. మన మెట్ట సేద్యం కూడా అన్నం పెట్టే సేద్యమే అని అడగవలసిన బాధ్యత మనది.

అమెరికాలో మన పిల్లలు చాలామంది ఉన్నారు గదా. అక్కడ 50 రాష్ట్రాలలోనూ 'సేద్యం చేసే హక్కు' చట్టాలు ఉన్నాయి. వాటి పుట్టుక వేరు. పట్టణాలు పెరిగి పొలాల పక్కకు ఇండ్లు వచ్చాయి. వచ్చినవారు పేడ వాసన, ట్రాక్టరు చప్పుడు, దుమ్ము అని కోర్టుకెక్కారు. అందుకని కాలిఫోర్నియాలో 1981లో ఒక చట్టం చేశారు. మూడేండ్లకు మించి సక్రమంగా నడుస్తున్న సేద్యాన్ని, చుట్టుపక్కల పరిస్థితి మారినదనే సాకుతో ఉపద్రవమని అనరాదు. అక్కడి చాలా కౌంటీలలో, ఇల్లు కొనేవారికి "పక్కన సేద్యం ఉన్నది, వాసన, చప్పుడు ఉంటాయి" అని ముందే తెలియజేయవలెనని స్థానిక శాసనాలు కూడా ఉన్నాయి. ఈ చట్టాలకు ఇంకొక ముఖమూ ఉన్నది. నార్త్ కరోలినాలో పెద్ద పందుల పెంపకపు కంపెనీల మీద పొరుగువారు దావాలు వేసినప్పుడు, 2017, 2018లలో చట్టాన్ని సవరించి ఆ పొరుగువారి దారినే ఇరుకు చేశారు. కాపలా అనేది ఎవరి కొరకో చూసుకొనవలెను.

మన కోయంబత్తూరు చుట్టూ ఇప్పుడు అదే కథ మొదలైనది. మామ పొలానికి తూర్పున లేఅవుటు పడినది. కొత్తగా వచ్చినవారు మంచివారే. కాని తెల్లవారుజామున మోటారు వేస్తే నిద్ర చెడుతున్నదట. ఎరువు దిబ్బ తీసివేయమని పంచాయతీకి అర్జీ కూడా పెట్టారు. "ఆ దిబ్బ మా నాయన కాలం నాటిదిరా. వాళ్ళ గోడ నిన్నటిది" అని మామ నవ్వారు. ఆ నవ్వులో బాధ లేకపోలేదు. లేఅవుటుకు అనుమతి ఇచ్చేటప్పుడే కొనేవారికి ఒక కాగితం ఇచ్చి, పక్కన సేద్యం ఉన్నదని తెలియజేయమని మన గ్రామసభ ఎందుకు తీర్మానించరాదు? ఖర్చు లేని పని, తగవు రాకుండా చేసే పని.

నా ఇంటి సంగతి

ఇంతవరకు ఊరి సంగతులు వ్రాశాను. ఇక నా తప్పు ఒకటి చెప్పవలసి ఉన్నది. చెప్పకపోతే పైన వ్రాసినదంతా ఊరికి చెప్పే నీతి అవుతుంది.

సొంత భూమి లేని రైతుకు కూడా సేద్యపు హక్కు ఉన్నది. 1955 నాటి కౌలుదారుల రక్షణ చట్టం ప్రకారం, తన ఒంటి కష్టంతోనో ఇంటివారి కష్టంతోనో దున్నే కౌలుదారును యజమాని తన ఇష్టం వచ్చినప్పుడు లేవగొట్టరాదు. కౌలు బాకీ, నేలను పాడుచేయడం, సేద్యం కాని పనికి వాడడం, యజమాని హక్కును కావాలని కాదనడం, ఇటువంటి కారణం చూపి రెవిన్యూ డివిజను ఆఫీసరు ఉత్తరువు పొందవలెను. 1956 నాటి న్యాయమైన కౌలు చట్టం మొదట మాగాణి పంటలో యజమానికి నూటికి 40 వంతులని పెట్టినది. తరువాతి సవరణలో అది 25కు తగ్గినది. 1969 చట్టం ప్రకారం కౌలుదారు పేరు ప్రభుత్వ రిజిస్టరులో ఎక్కవలెను. కౌలు పత్రం మూడు ప్రతులు వ్రాసి యజమానికి ఒకటి, కౌలుదారుకు ఒకటి, ప్రభుత్వ కార్యాలయానికి ఒకటి అని పద్ధతి.

మా నాయన వదిలి వెళ్ళిన రెండున్నర ఎకరాలు అవినాశి వైపున ఉన్నది. నేనూ మా తమ్ముడూ పట్టణంలో ఉద్యోగాలలో ఉన్నందువల్ల, నాయన కాలం నుండి పక్క ఊరి మనిషి ఒకరు దానిని చేస్తున్నారు. ఏటా దీపావళి ముందు వచ్చి కౌలు డబ్బు నా చేతిలో పెట్టి, కాఫీ త్రాగి వెళ్తారు. పదునాలుగేండ్లుగా నేను తీసుకుంటున్నాను. ఒక్క రసీదు ఇవ్వలేదు. ఆయన అడగలేదు, నాకు తోచలేదు. ఊరందరికీ "రసీదు తీసుకోండి" అని అర్జీలు వ్రాసే నాకు తోచలేదు!

ఆ మధ్య వానలు విఫలమైన ఏడు పంట బీమా, నష్టపరిహారం అని ప్రకటన వచ్చినప్పుడు, ఆయన తాలూకా ఆఫీసుకు వెళ్ళారట. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు గనుక ఖాళీ చేతులతో తిరిగివచ్చారట. ఆ సంగతి కూడా నాతో చెప్పలేదు. ఇతరులు చెప్పగా తెలిసినది. పంట పోయినది ఆయనది, పేరు ఉన్నది మాది.

తమ్ముడిని పిలిచి, పత్రం వ్రాసి ఇద్దామన్నాను.

"అన్నా, పేరు ఎక్కిస్తే రేపు అమ్ముకొనడానికి ఎవడు కొంటాడు? ఆయన లేవడు. ఆయన పోతే ఆయన కొడుకు కూర్చుంటాడు" అన్నాడు.

వాడి భయం పూర్తిగా అబద్ధమని నేను చెప్పలేను. కౌలుదారు పేరు రికార్డులో ఉన్న భూమికి బేరం తక్కువ. ఇష్టం వచ్చినప్పుడు ఖాళీ చేయించలేము. కాని పేరు ఎక్కినంత మాత్రాన సొంతహక్కు పోదు, పట్టా మనదిగానే ఉంటుంది. ఆ మాట చెప్పి, "నాయన ఈ నేల ఆయనకు ఇచ్చినది అమ్ముకొనడానికా, బీడు పడకుండా ఉండడానికా?" అని అడిగాను. తమ్ముడు జవాబు చెప్పలేదు. రెండు నెలలు మా ఇంటికి రాలేదు. ఆడి పండుగకు మా మరదలు మాత్రం పిల్లలతో వచ్చినది.

తరువాత ఒక ఆదివారం వాడే వచ్చి, "సరే, వ్రాయి" అన్నాడు. మనస్సు పూర్తిగా ఒప్పినదని నేను అనుకోను. పత్రం వ్రాసి ముగ్గురమూ సంతకాలు చేశాము. పాత కౌలుకు సంబంధించి నా లెక్క పుస్తకంలో ఉన్నంతవరకు రసీదులు కూడా వ్రాసి ఇచ్చాను. ఆయన వాటిని లెక్క పెట్టకుండా మడిచి జేబులో పెట్టుకొని, "ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ? నన్ను లేవమనడానికి కాదు గదా?" అని అడిగారు. అంతకాలం ఆయన మనస్సులో ఏ భయం ఉన్నదో అప్పుడు నాకు తెలిసినది.

మామకు జవాబు

పోయిన నెల మరల మామ ఇంటికి వెళ్ళాను. పట్టా మార్పుకు అర్జీ పెట్టారు. తిరుప్పూరు పిల్లలు వచ్చి సంతకాలు చేశారు. బావికి వంతులు వ్రాసుకున్నారు. నేను వ్రాసుకొని వెళ్ళిన కాగితం తీసి, కాగితం, చట్టం, ఊరు అని మూడు కాపలాలనూ చదివి వినిపించాను.

అంతా విని మామ, "బాగున్నదిరా. మూడు కాపలాలూ పెట్టాను అనుకో. నా కొడుకు బెంగుళూరులో ఉన్నాడు. మనుమడికి ఎద్దును చూస్తే భయం. నా తరువాత దున్నేది ఎవరు?" అన్నారు.

మా రెండున్నర ఎకరాల సంగతి అప్పుడు ఆయనకు చెప్పాను. మన పిల్లలు తిరిగి రాకపోతే, దున్నగలిగే ఇంకొకరికి ధైర్యంగా దున్నుకునే హక్కు వ్రాతపూర్వకంగా ఇవ్వడమొక్కటే నాకు తోచిన దారి అన్నాను. ఏడాదికేడాది లేవమంటారేమో అనే భయంతో చేసేవాడు చెట్టు నాటడు, గట్టు వేయడు, బావి పూడిక తీయడు. అటువంటి నేల మీదికే మొదట లేఅవుటువాడి కన్ను పడుతుంది. ఎవరో ఒకరు నిబ్బరంగా పంట పెట్టి ఉన్న నేలను బీడు అని వ్రాయడం కష్టం.

మామ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి పశువులకు తవుడు కలపడానికి వెళ్ళారు. వెళ్తూ, "ఆ పత్రం ఎలా వ్రాశావో ఒక నకలు పంపు" అన్నారు.

నకలు పంపించాను. ఈ పత్రిక చదివే మన కుటుంబాలలో భూమి కౌలుకు ఇచ్చినవారు ఎందరో ఉన్నారు. మీ పెట్టెలో పట్టా ఎవరి పేరున ఉన్నదో, మీ కౌలుదారు చేతిలో ఒక్క రసీదైనా ఉన్నదో లేదో, రాబోయే ఆడి విత్తుల లోపల ఒకసారి చూసుకొనవలసినదిగా కోరుతున్నాను.